టెలీ మానస్ 14416: ఫోను, తిండి చిక్కులను తెలుగులో చెప్పుకోగల సేవ

బెంగళూరు పీజీల్లో ఉండి చదువుకుంటున్న తెలుగు పిల్లలకూ, వారి ఇంట్లోవారికీ టెలీ మానస్ సేవను గట్టిగా సిఫారసు చేస్తున్నాను. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ఈ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ పూర్తిగా ఉచితం. 14416కు ఏ వేళనైనా ఫోన్ చేసి, తెలుగును ఎంచుకోవచ్చు. దేశం మొత్తానికి దీని ప్రధాన కేంద్రం బెంగళూరులోని మానసిక ఆరోగ్య, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్సే.

మారతహళ్లిలో ఉంటూ ఎమ్మెస్సీ చదువుతున్న మా చెల్లెలి అనుమతితోనే ఇది రాస్తున్నాను. అర్ధరాత్రి దాటేదాకా రీల్స్ చూడడం, వాటిలోని సన్నని ఒళ్లతో తనను పోల్చుకుని పగలంతా పస్తుండడం, రాత్రి ఆకలికి తట్టుకోలేక బిర్యానీ తెప్పించుకుని ఆయాసం వచ్చేలా తినడం, ఆ సిగ్గుతో మర్నాడు మళ్లీ కడుపు మాడ్చుకోవడం తనకు అలవాటైపోయాయి. ఇంట్లోవాళ్లకు ఇందులో ఫోను ఒక్కటే కనిపించింది. అంతకుముందు డబ్బు కట్టిన ఒక ప్రైవేటు యాప్ కేలరీల పట్టిక పంపి చేతులు దులుపుకుంది. లెక్క పెట్టుకుని తినడమే అప్పటికే తనను వేధిస్తున్న విషయమని అక్కడ ఎవరూ అడిగి తెలుసుకోలేదు.

టెలీ మానస్‌కు ఫోన్ చేస్తే అక్కడి కౌన్సెలర్ మాత్రం నిద్ర, తిండి వేళలు, చూసే వీడియోలు, తిన్నాక వాంతి చేసుకుంటోందా అన్న సంగతి అన్నీ కలిపి, తొందరపెట్టకుండా అడిగారు. "కడుపు నిండినా చెయ్యి ఆగడం లేదు మేడమ్" అని మా చెల్లెలు మొదటిసారి నోరు విప్పి చెప్పింది ఆమెకే. ఫోను లాక్కోవద్దని, బరువు మాట ఎత్తవద్దని, ముందు మూడు పూటలా వేళకు తినేలా చూడమని నాకు చెప్పారు. పగలు పస్తుంటే రాత్రి ఆకలి మీదపడుతుంది, నిద్ర తగ్గితే అది ఇంకా పెరుగుతుంది కాబట్టి ఆ సలహా నాకు ఎంతో సబబుగా తోచింది. ఇలా అదుపు లేకుండా తినడాన్ని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లోనే ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. పిల్లలను తిండిపోతులని వెక్కిరించే పెద్దలు ఈ మాట తెలుసుకోవాలి.

అయితే ఫోన్లో నాడి చూడలేరు. తరచూ వాంతులు చేసుకునేవారికి రక్తంలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది కనుక వారిని వెంటనే డాక్టరుకు చూపించాలి. ఇంటర్నెట్ వాడకమే ప్రధాన సమస్య అయినవారికి నిమ్హాన్స్‌లో 2014 నుంచి షట్ క్లినిక్ ఉంది.