కాలోలీల ఊళ్లో నాలుగు రోజులు

"బామ్మర్దీ, చెట్టు కింద మాత్రం కారు ఆపకు. కాలోలీ రెట్ట వేసిందంటే బకెట్ నీళ్లు కూడా చాలవు." ఉగాండా రాజధాని కంపాలాలో దిగగానే, అక్కడే ఉండే మా బావ చెప్పిన మొదటి జాగ్రత్త ఇది. కాలోలీ అంటే అక్కడి లుగాండా భాషలో మారబూ కొంగ. దాన్ని చూడాలనే క్వీన్ ఎలిజబెత్ పార్కు సఫారీ బుక్ చేశానంటే ఆయన ఒకటే నవ్వు.

ఆయన ఇంట్లో చోటు చాలక రెండు రాత్రులు లాడ్జిలో దిగాను. "గార్డెన్ వ్యూ" అని ఇచ్చిన మూడో అంతస్తు గది కిటికీ ఎదురుగా చెట్టు, దానిమీద పుల్లలతో కట్టిన పెద్ద గూళ్లు. దాదాపు అయిదడుగుల పక్షి. బోడితల, మెడకి వేలాడే గులాబీరంగు సంచీ. అది తిండి దాచుకునే సంచీ కాదు, గాలితిత్తి. మధ్యాహ్నం ఎండలో చూస్తుండగానే తన కాళ్లమీదే రెట్ట వేసుకుంది. ఆ తడి ఆరేటప్పుడు ఒళ్లు చల్లబడుతుందట. నల్లటి కాళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండేది అందుకే. పెద్దగా అరవదు కానీ, ముక్కు కటకటలాడిస్తుంటే తెల్లారుజామున నిద్ర పట్టదు. కిటికీ తీస్తే కంపు, మూస్తే ఉక్క. గది మార్చమంటే రిసెప్షన్‌లో రెండోరోజు దాకా తేల్చలేదు.

పార్కుకి పొద్దున్నే బయల్దేరితే చేరేసరికి సాయంత్రమైంది. దారిలో తిన్న రోలెక్స్, అంటే చపాతీలో చుట్టిన ఆమ్లెట్, ఆ తర్వాత పార్కు లాడ్జిలో పెట్టిన బఫే కంటే నయం. మట్టోకే అనే ఉడికించిన అరటికాయ ముద్ద చప్పగా ఉంటుంది గానీ, పక్కన పోసే పల్లీల పులుసుతో లాగించేయొచ్చు. పార్కులోని కజింగా కాలువలో రెండు గంటల పడవ ప్రయాణానికి మాత్రం పెట్టిన డబ్బుకి న్యాయం జరిగింది. నీటి ఏనుగులు, అడవిదున్నలు ఒడ్డునే ఉన్నాయి. మారబూలు మాత్రం దూరంగా, జాలర్ల పల్లె దగ్గర, చేతులు వెనక్కి కట్టుకున్న ముసలి గుమాస్తాల్లా నిలబడ్డాయి. ఫొటోలో చుక్కలే.

తిరిగొచ్చాక బావతో మార్కెట్ వెనక చెత్తకుప్ప దగ్గరికి వెళ్లాను. పది అడుగుల దూరంలో ఒకటి చేప తలని ఎగరేసి మింగింది. ముద్ద మెడలోంచి దిగడం కనిపించింది. నా మంచి ఫొటోలన్నీ అక్కడివే. "టికెట్ ఎంతయింది?" అన్నాడు బావ.

మీరు వెళ్తే పార్కుకి ఏనుగుల కోసం, పడవ కోసం వెళ్లండి. కంపాలాలో గది మాత్రం రోడ్డువైపు అడగండి. ఎల్లో ఫీవర్ టీకా కార్డు మర్చిపోవద్దు, తిరుగు ప్రయాణంలో మన ఎయిర్‌పోర్టులోనూ అడుగుతారు.