కర్బు: మెషీన్‌తో పోయాలా, రాళ్లు పేర్చాలా?

బైపాస్ డివైడర్‌కి కిలోమీటర్ల పొడవున కర్బు (రోడ్డు అంచున కాస్త ఎత్తుగా కట్టే గట్టు) కావాలంటే నేను స్లిప్‌ఫార్మ్ మెషీనే అడుగుతాను. ఊళ్లో బజారు వీధికైతే ఆ మెషీన్ వద్దంటాను.

మెషీన్ పని జంతికల గొట్టం లాంటిదే. తొట్టిలో పోసిన గట్టి కాంక్రీటును వైబ్రేటర్లు కుదిస్తాయి, మోల్డ్‌లోంచి కర్బు ఆకారంలో బయటికొస్తుంది. షట్టరింగ్ (పచ్చి కాంక్రీటును పట్టి ఉంచే పలకలు) ఉండదు, బయటపడ్డ క్షణం నుంచి అది తనంతట తానే నిలబడాలి. అందుకే స్లంప్, అంటే పరీక్ష అచ్చు తీశాక పచ్చి కాంక్రీటు ఎంత కుంగుతుందనే కొలత, 20–40 మి.మీ. మధ్య ఉండాలి. ఎండకి కాంక్రీటు బిగుస్తోందని మిక్సర్ బండి డ్రైవర్ నీళ్లు కలిపాడా, అంచు జారిపోతుంది. మా సైట్‌లో ఒకసారి అలాగే జారితే, పచ్చి మీదే కొట్టేసి మళ్లీ పోశాం.

అసలు చిక్కు సరఫరా దగ్గర వస్తుంది. మీటరు కర్బుకి 0.1 ఘనపు మీటరు కాంక్రీటు పడుతుందనుకుంటే, 6 ఘనపు మీటర్ల ట్రాన్సిట్ మిక్సర్ (కాంక్రీటు తిప్పుతూ తెచ్చే బండి) 60 మీటర్లకే సరి. మెషీన్ నిమిషానికి మీటరున్నర నడిస్తే 40 నిమిషాలకో బండి రావాలి. ఆలస్యమై మెషీన్ ఆగిన ప్రతిచోటా కర్బు మీద గీత కనిపిస్తుంది. మెషీన్‌కి దారీ ఎత్తూ చూపడానికి పక్కన కట్టిన తీగను సెన్సర్ పట్టుకుని నడుస్తుంది; ఆ తీగ రెండు మిల్లీమీటర్లు వంగినా ఆ వంకర కర్బులోకి దిగుతుంది. జాయింట్లు (కాంక్రీటు ఇష్టమొచ్చినచోట పగలకుండా వేసే గాట్లు) కూడా పగుళ్లు రాకముందే, అదే రోజు కోయాలి.

ప్రీకాస్ట్ రాళ్లకి, అంటే ముందే అచ్చుపోసి తెచ్చే కాంక్రీటు దిమ్మెలకి, ఈ గాభరా లేదు. 150 × 300 మి.మీ. రాయి అర మీటరు పొడవుంటే 54 కిలోల దాకా తూగుతుంది, ఇద్దరు ఎత్తాలి. కిలోమీటరుకు 2,000 రాళ్లు, దాదాపు అన్నే అతుకులు. కింద బెడ్డింగ్ (రాళ్లు కూర్చునే పరుపు) సరిగా లేకపోతే వానాకాలం తర్వాత రాళ్లు పళ్లూడినట్టు కదులుతాయి. అయినా ఊళ్లో ఇవే మేలు: అడుగడుగునా ఇళ్ల గేట్లు, చెట్లు, కాలువ మూతులు. రేపు నీళ్ల పైపు కోసం తవ్వితే రాళ్లు ఎత్తి పక్కన పెట్టి మళ్లీ పేర్చొచ్చు. మెషీన్ కర్బునైతే బద్దలు కొట్టాల్సిందే.

షట్టరింగ్ పెట్టి పోయడం మలుపు ముక్కులకీ, మెషీన్ చేరని నాలుగైదు మీటర్లకీ చాలు.

813 మి.మీ. ఎత్తుండే న్యూజెర్సీ రకం కాంక్రీటు బారియర్ (బండ్లు అవతలి వైపుకి దూకకుండా ఆపే అడ్డుగోడ) పొడవుగా కట్టాలంటే నాకు రెండో ఆలోచన లేదు, మెషీనే. కాకపోతే అద్దెకు మాట్లాడే ముందు, రోజంతా బండ్లు ఆగకుండా పంపగలరా అని కాంక్రీటు ప్లాంటు వాళ్లను అడగండి. పంపలేమంటే మెషీన్ తేవద్దు.