పాత జీప్‌కి కొత్త యాక్సిల్స్: డానా 44 చాలా, డానా 60 దాకా వెళ్లాలా?

రాయి మీదికి ఎక్కుతూ, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, ఇంకొంచెం తొక్కుదాం అనుకునే లోపే కింద ‘ఠక్’ మంటుంది. దిగి చూస్తే ముందు చక్రం వెనకాల యూ-జాయింట్ (షాఫ్ట్ మడత పడే చోట ఉండే కీలు) కప్పు ఊడి పడి ఉంటుంది, షాఫ్ట్ చెవి ఒకటి విరిగి వేలాడుతుంటుంది. పాత జీప్‌కి పెద్ద టైర్లు వేసుకున్నవాళ్లలో ఈ శబ్దం ఎరగనివాళ్లు తక్కువ. ఆ రాత్రే మొదలవుతుంది ప్రశ్న: ఉన్నదాన్నే గట్టి చేసుకోవాలా, కొత్త తరం బండి యాక్సిల్స్ తెచ్చి పెట్టాలా?

ఊరికే గాల్లో మాట్లాడుకోకుండా ఒక బండిని పట్టుకుందాం. 1997 నుంచి 2006 దాకా వచ్చిన రాంగ్లర్ టీజే. రూబికాన్ (రాళ్ల దారులకని గట్టిగా చేసిన రకం) కాని టీజేలకి ముందు డానా 30 (డానా యాక్సిల్ కంపెనీ పేరు, అంకె దాని మోడల్), వెనక ఎక్కువగా డానా 35 ఉంటాయి. దీని ముందు మూడు దారులున్నాయి. ముందు యాక్సిల్ ఉంచేసి వెనకది మాత్రం మార్చడం ఒకటి. టీజే స్థానంలో 2007 నుంచి వచ్చిన జేకే రూబికాన్ నుంచి డానా 44 జత తేవడం రెండోది. 2005 తర్వాతి ఫోర్డ్ సూపర్ డ్యూటీ ట్రక్కు కింది నుంచి ముందు డానా 60, వెనక స్టెర్లింగ్ 10.5 లాగేయడం మూడోది.

చాలామంది డిఫరెన్షియల్ లోపలి పెద్ద గేరు, అంటే క్రౌన్ వీల్, సైజు చూసి తీర్పు చెప్పేస్తారు. డానా 30ది 7.2 అంగుళాలకి దగ్గర, డానా 60ది 9.75, స్టెర్లింగ్‌ది పేరులోనే ఉంది, 10.5. పెద్దదే మేలు అనిపించడం సహజం. కానీ విరిగేది ఎప్పుడూ క్రౌన్ వీలే కాదు కదా.

మొదటి దారిని చిన్నచూపు చూడొద్దు. డానా 30లో క్రోమోలీ (గట్టి మిశ్రమ ఉక్కు) షాఫ్ట్‌లు, మంచి యూ-జాయింట్లు వేస్తే 33 అంగుళాల టైర్లని హాయిగా మోస్తుంది. అసలు భయం వెనక ఉంది. డానా 35లో షాఫ్ట్‌ని లోపల ఒక చిన్న సీ-క్లిప్ పట్టి ఉంచుతుంది. షాఫ్ట్ విరిగితే చక్రం, డిస్కో డ్రమ్మో అన్నీ కలిసి బయటికి జారిపోవచ్చు. దాని బదులు 1995-2001 ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ 8.8 యాక్సిల్ పెట్టుకుంటే 31 స్ప్లైన్ల (చివరి పళ్ల) షాఫ్ట్‌లు, డిస్క్ బ్రేకులు వస్తాయి. టీజేలాగే 4.5 అంగుళాల వృత్తంలో 5 స్టడ్‌లు, కాబట్టి పాత రిమ్ములే సరిపోతాయి. ఇందులోనూ సీ-క్లిప్పే ఉంది, కాకపోతే షాఫ్ట్ బాగా లావు.

ఇక జేకే రూబికాన్ డానా 44. ముందూ వెనకా ఎలక్ట్రిక్ లాకర్లు (రెండు పక్కల చక్రాలూ కలిసే తిరిగేలా బిగించేవి) కంపెనీ నుంచే వస్తాయి, ఇది పెద్ద లాభం. వైర్లు లాగి ఒక స్విచ్, రిలే పెట్టుకుంటే పని జరుగుతుంది. వెడల్పు టీజే కంటే దాదాపు 5 అంగుళాలు ఎక్కువ, అంటే బండి పక్కకి ఒరిగినప్పుడు కొంచెం ధైర్యంగా ఉంటుంది. స్టడ్‌లు మాత్రం 5 అంగుళాల వృత్తం, రిమ్ములు మార్చాల్సిందే. ఇప్పుడు అసలు సంగతి: 44 అనే అంకె చూసి మోసపోవద్దు. ముందు యాక్సిల్‌లో షాఫ్ట్ 30 స్ప్లైన్లు, గేర్లు పెద్దవి, నిజమే. కానీ యూ-జాయింట్ డానా 30లో ఉన్న సైజే. యాక్సిల్ ట్యూబులు కూడా మామూలు జేకే డానా 30వి ఎంత మందమో అంతే. మొదట్లో చెప్పిన ఆ ‘ఠక్’ ఎక్కడ వచ్చిందో గుర్తుందిగా? ఆ చోటు పెద్దగా మారలేదన్నమాట. అందుకే దీన్ని తెచ్చినవాళ్లు ట్యూబుల్లోకి స్లీవులు (లోపలి గొట్టాలు) కొట్టి, చివరన చక్రం తిరిగే కీలుని పట్టుకునే ‘సి’ ముక్కలకి గసెట్లు (బలం కోసం అతికే ఇనుప రేకులు) వెల్డ్ చేయించుకుంటారు. అది చేయించకుండా 37 అంగుళాల టైర్లు వేసి గెంతిస్తే ట్యూబు వంగుతుంది.

ఈ ‘సి’ దగ్గరే నేనొకసారి తెలివితక్కువ పని చేశాను. టీజే కింద జేకే యాక్సిల్ పెడుతూ, పినియన్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ వచ్చి కలిసే చిన్న గేరు) మూతి ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు వెనక యాక్సిల్స్‌కి శక్తిని పంచే గేర్ పెట్టె) వైపు చక్కగా చూసేలా తిప్పి బ్రాకెట్లన్నీ పూర్తిగా వెల్డ్ చేసేశాను. ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం చూసి మురిసిపోయాను. రోడ్డెక్కితే 60 కిలోమీటర్ల వేగానికే స్టీరింగ్ అటూ ఇటూ ఈడ్చుకుపోతోంది. పినియన్‌ని పైకి తిప్పితే క్యాస్టర్ (బండిని సూటిగా నడిపించే, ముందు చక్రాల కీలు వెనక్కి వాలే కోణం) చచ్చిపోతుంది, రెండూ ఒకే ఇనుప ముక్కకి అతుక్కుని ఉన్నాయి మరి. రెండూ కావాలంటే ‘సి’ వెల్డ్ కోసి, ట్యూబు మీద దాన్ని తిప్పి మళ్లీ అతికించాలి. గ్రైండర్ పట్టుకుని రెండు రోజులు నా వెల్డింగే నేను కోసుకున్నాను. టాకాలు మాత్రం వేసి, బండిని నాలుగు చక్రాల మీద దించి, కోణం కొలిచాకే పూర్తిగా కాల్చాలి.

ఈ విషయంలో సూపర్ డ్యూటీ డానా 60కి ఒక సౌకర్యముంది: లాకింగ్ హబ్బులు, అంటే చక్రాన్ని షాఫ్ట్‌కి కలిపి, విడదీసేవి. టీజేకీ జేకేకీ అవి లేవు, రోడ్డు మీద కూడా ముందు షాఫ్ట్‌లు ఖాళీగా తిరుగుతూనే ఉంటాయి, కోణం తేడా ఉంటే వైబ్రేషన్ వస్తుంది. హబ్బు విప్పేస్తే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరగదు. అప్పుడు క్యాస్టర్‌కే పెద్దపీట వేసి, పినియన్ విషయంలో కాస్త సర్దుకోవచ్చు. వెనక స్టెర్లింగ్ ఫుల్ ఫ్లోటింగ్ రకం. బండి బరువు హబ్బు మోస్తుంది, షాఫ్ట్ చక్రాన్ని తిప్పడానికే. షాఫ్ట్ విరిగినా చక్రం చోటు వదలదు, ముక్కలు బయటికి లాగేసి ముందు చక్రాలతో మెల్లగా ఇంటికి రావచ్చు.

అయితే ఇది ఒక్క యాక్సిల్‌తో పోయే బేరం కాదు. 170 మిల్లీమీటర్ల వృత్తంలో 8 స్టడ్‌లు, కాబట్టి కొత్త రిమ్ములు. బ్రేకులు పెద్దవి, 17 అంగుళాలకి తగ్గిన రిమ్ము పట్టదు. ఆ పెద్ద క్యాలిపర్లని నింపడానికి టీజే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్ తోసేది) చాలదు, పెడల్ లోపలికి దిగిపోతుంది. వెడల్పు కూడా బాగా పెరుగుతుంది. హౌసింగ్ మధ్యభాగం పోత ఇనుము, దాని మీద లింక్ బ్రాకెట్ అతికించాలంటే ముందు వేడి చేసి, తగిన రాడ్‌తో వెల్డ్ చేసి, నెమ్మదిగా చల్లారనివ్వాలి. హడావిడి పడితే పగులుతుంది. డానా 30ని ఇద్దరు మనుషులు ఎత్తి పక్కన పెట్టేస్తారు, దీనికి జాకీ తప్పదు.

ఇంకొకటి ఎవరూ ముందే చెప్పరు. ఆ పెద్ద డిఫరెన్షియల్ గుండు కిందికి వేలాడుతుంది. 35 అంగుళాల టైర్లతో స్టెర్లింగ్ వేస్తే, బలం పెరిగింది కదా అని వెళ్లి, ఇదివరకు దాటిన రాయికే గుండు తగిలి ఆగిపోతారు. కనీసం 37 అంగుళాల టైరు ఉంటేనే దాని బరువుకి అర్థం.

గేర్ లెక్క కూడా టైరునే అడుగుతుంది. 29 అంగుళాల టైరుతో 3.73 గేర్ నిష్పత్తి ఉన్న టీజేకి 37 వేస్తే, పాత ఊపు నిలవాలంటే 3.73ని 37తో గుణించి 29తో భాగించాలి: 4.76. బజారులో దొరికేది 4.88. అదే 35కైతే 4.5 వస్తుంది, 4.56 వేస్తారు. ముందూ వెనకా ఒకే నిష్పత్తి ఉండాలి, లేకపోతే ఫోర్‌వీల్ వేసిన వెంటనే ఒకదాన్నొకటి లాక్కుంటాయి. స్పీడోమీటర్‌కి దిగులు లేదు, టీజేలో అది ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి చదువుతుంది, చిన్న గేరు మారిస్తే చాలు.

నన్నడిగితే, 33 దగ్గర ఆగేవాళ్లకి డానా 30తో పాటు ఎక్స్‌ప్లోరర్ 8.8 చాలు, మిగిలిన డబ్బు వించ్‌కి పెట్టుకోవచ్చు. 35 వేసి లాకర్లు కూడా కావాలనుకుంటే జేకే జత, స్లీవులూ గసెట్లతో సహా. 37, ఆపైన, ముఖ్యంగా రాళ్ల మీద ఆడేవాళ్లు మధ్యలో ఆగకుండా నేరుగా సూపర్ డ్యూటీకే వెళ్లాలి. 44 కొని, దాన్ని గట్టిపరిచి, ఏడాది తర్వాత మళ్లీ 60 కోసం తిరిగేవాళ్లని చాలామందిని చూశాను. ఆ రెండోసారి వాళ్ల షెడ్డుకి వెళ్తే మూలన గసెట్లు కొట్టిన 44 ఒకటి దుమ్ము పట్టి పడుంటుంది, కొనేవాడి కోసం.