లింక్డ్‌ఇన్‌లో మాకు పని తెచ్చిపెట్టింది పీడీఎఫ్ ఒక్కటే

ఉద్యోగ, వ్యాపార పరిచయాల సైటు లింక్డ్‌ఇన్‌ను వ్యాపారం కోసం వాడుతున్నామంటే అందరూ ముందు అడిగేది ఫాలోవర్లు ఎందరని. నేను మాత్రం పోస్టుకు పీడీఎఫ్ జతచేసే సదుపాయం గురించే చెబుతాను. మిగతావన్నీ తీసేసి అదొక్కటి ఉంచినా నేను అందులోనే ఉంటాను. ఖాతా తెరవడం, కంపెనీ పేజీ పెట్టడం లాంటివి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

మాది హైదరాబాదు జీడిమెట్లలో చిన్న వర్క్‌షాపు. మందుల కంపెనీలకు స్టెయిన్‌లెస్ స్టీలు పైపులు, బెండ్లు, ఫిట్టింగులు చేసి ఇస్తాం. నాన్న బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో శిక్షణ పొంది, లేత్ మిషను మీద జీవితం మొదలుపెట్టారు. ఆయనకు పని అంతా ఒకరు మరొకరికి చెప్పడం వల్ల వచ్చిందే. నేను లెక్కలు, కొటేషన్లు చూస్తాను. కొన్నేళ్లుగా లింక్డ్‌ఇన్ కూడా నా బాధ్యతే.

అంతకుముందు ఆ పని ఒక డిజిటల్ మార్కెటింగ్ సంస్థ చూసేది. సంక్రాంతికి ముగ్గు, ఉగాదికి పచ్చడి గిన్నె, సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినోత్సవానికి విశ్వేశ్వరయ్య గారి బొమ్మ, అన్నిటి కిందా మా లోగో. 1908 మూసీ వరద తర్వాత ఈ నగరాన్ని కాపాడే పథకం వేసిన మనిషి ఆయన. హైదరాబాదులో ఇనుముతో, నీళ్లతో పనిచేసేవాళ్లం ఆయన గురించి చెప్పుకోవలసింది ఎంతో ఉంది. అందులో ఒక్క ముక్కా ఆ పోస్టులో లేదు. నెలాఖరుకు గ్రాఫులతో నివేదిక మాత్రం తప్పకుండా వచ్చేది. ఆ బొమ్మలు చూసి మాకు ఫోను చేసినవారు లేరు. పర్చేజ్ మేనేజరుకు తన పైపు ఎందుకు తుప్పు పట్టిందో తెలియాలి. ముగ్గు చూసి ఆయన ఏం చేసుకుంటారు?

పీడీఎఫ్‌లో నాకు నచ్చింది ఇది. మామూలు పోస్టులో 3,000 అక్షరాల దాకా రాయవచ్చు, కానీ మొదటి రెండు మూడు వరుసలే కనిపిస్తాయి; మిగతాది చదవాలంటే నొక్కాలి, చాలామంది నొక్కరు. పీడీఎఫ్ అయితే మొదటి పేజీ ఫొటోతో సహా కళ్ల ముందు ఉంటుంది. వేలితో జరిపితే రెండో పేజీ. కావాలనుకుంటే ఫోనులోకి దించుకోవచ్చు. తెలుగులో రాసేవారికి ఇంకో మేలు ఉంది. సరిగ్గా తయారుచేసిన పీడీఎఫ్‌లో అక్షరాలు ఫైలుతోపాటే వెళ్తాయి కాబట్టి ఎవరి ఫోనులో తెరిచినా ఒత్తులు చెదరవు.

మొదట 304, 316ఎల్ అనే రెండు రకాల స్టెయిన్‌లెస్ స్టీళ్ల తేడా మీద ఒకటి చేశాం. 316ఎల్‌లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం అనే లోహం ఉంటుంది, ఉప్పులాంటి వాటిలో ఉండి తుప్పు పట్టించే క్లోరైడ్లను ఆ స్టీలు బాగా తట్టుకుంటుంది, కార్బన్ 0.03 శాతం మించదు కాబట్టి వెల్డింగు పక్కన తుప్పు భయం తక్కువ. దానికి ఆదరణ ఫరవాలేదు. కానీ నా మనసు గెలుచుకున్నది తర్వాత చేసినది, వెల్డింగు లోపలి రంగుల మీద.

స్టెయిన్‌లెస్ పైపులకు ఆర్గాన్ అనే గ్యాసుతో వెల్డింగు చేసేటప్పుడు వెల్డింగు టార్చి నుంచి వచ్చే గ్యాసు పైవైపును మాత్రమే కాపాడుతుంది. పైపు లోపల కూడా ఆర్గాన్ నింపి గాలిని బయటకు పంపాలి. లోపల మిగిలిన ఆక్సిజన్‌ను బట్టి అతుకు రంగు మారుతుంది: వెండిరంగు, లేత గడ్డిరంగు, నీలం, బూడిద. గ్యాసు అసలే పట్టకపోతే మాడిన బెల్లంపాకంలా నల్లగా, గరుకుగా పేరుకుంటుంది. బయట నుంచి చూస్తే ఆ అతుకే తళతళలాడుతూ ఉంటుంది. లోపలి గరుకులో మందు ఇరుక్కుంటే కడగడం కష్టం, తుప్పు కూడా అక్కడే మొదలవుతుంది.

నాన్న మా వెల్డరు చేత గ్యాసు పెంచుతూ తగ్గిస్తూ పైపు ముక్కలు అతికించారు. వాటిని నిలువుగా కోయించి పగటి వెలుతురులో ఫొటోలు తీశాను. పేజీకి ఒక ఫొటో, కింద రెండు వాక్యాలు. ఇంగ్లీషులో ఒకటి, వెల్డర్ల కోసం తెలుగులో మరొకటి చేశాను. చివరి పేజీలో మా పేరు, నా ఫోను నంబరు.

తెలుగు పోస్టుకు లైకులు దాదాపు రాలేదు. దాన్ని మరిచిపోయి వేరే పనిలో పడ్డాక పాశమైలారం నుంచి ఒక ఫోను వచ్చింది. అక్కడి మందుల కర్మాగారంలో మెయింటెనెన్స్ ఇంజనీరు.

‘‘మేడం, మీ ఫైల్లో ఆరో పేజీ ఫొటో ఉంది కదా, మా పైపు లోపల అచ్చం అలాగే ఉంది. పైపులోకి దూర్చే కెమెరా, అదే బోరోస్కోపు పెట్టి చూశాం. ముక్క కోసి తెస్తే ఒకసారి చూస్తారా?’’

ఆయనకు లింక్డ్‌ఇన్ ఖాతా లేదు. ఫైలు ఎక్కడిదని అడిగాను. కాంట్రాక్టరు దగ్గరి వెల్డరు ఇచ్చాడట, ఆ వెల్డరుకు వాట్సాప్ గ్రూపులో వచ్చిందట. ఇంకా సంతోషం కలిగించిన సంగతి, ఆరో పేజీని ప్రింటు తీసి వెల్డింగు చేసే చోట గోడకు అతికించుకున్నారట. మా వర్క్‌షాపు గోడకే అలాంటిది లేదు. ఆ సాయంత్రమే మేమూ అతికించాం.

మర్నాడు ఆయన ముక్క తెచ్చారు. నాన్న కిటికీ దగ్గరికి వెళ్లి తిప్పి తిప్పి చూశారు.

‘‘గ్యాసు పెట్టామనే అంటున్నాడు సార్ మా కాంట్రాక్టరు.’’

‘‘పెట్టే ఉంటాడు బాబూ. అవతలి చివర సరిగా మూయకుండా పెట్టి ఉంటాడు. వెనక నుంచి గాలి వచ్చేసింది.’’

ముందు పాడైన అతుకుల చోట కొత్త ముక్కలు చేసి ఇచ్చే చిన్న పని దొరికింది. అది నిలబడ్డాక ఆ విభాగంలోని మిగతా పైపులూ మాకే వచ్చాయి. తర్వాత పటాన్‌చెరు నుంచి, బొల్లారం నుంచి కూడా ‘ఆ రంగుల ఫైలు మీదేనా’ అంటూ ఫోన్లు వచ్చాయి.

దీని పక్కన ఇంకో పీడీఎఫ్ సంగతి పెట్టి చూడాలి. చిన్న సంస్థల నుంచి సరుకు కొన్నవారు ఒప్పందంలో ఎక్కువ గడువు రాసుకున్నా సరే 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం చెబుతుంది; ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున చక్రవడ్డీ. గడువు దాటిన బాకీని ఆ ఏడాది ఖర్చుగా చూపుకోనివ్వకుండా ఆదాయపన్ను చట్టంలో 43బీ(హెచ్) నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. దీని మీద పెట్టిన పీడీఎఫ్‌కు మా పోస్టులన్నిటికన్నా ఎక్కువ ఆదరణ దక్కింది, ఫాలోవర్లు గబగబా పెరిగారు. పెరిగినవారంతా మాలాంటి వర్క్‌షాపులవారే. డబ్బు ఆలస్యం బాధ అందరిదీ కాబట్టి మనసు విప్పి రాశారు, నాకూ ధైర్యం కలిగింది. పని మాత్రం ఒక్కటీ రాలేదు. అప్పటి నుంచి ఫాలోవర్ల అంకె చూసి నేను ఏ నిర్ణయమూ తీసుకోవడం లేదు.

పీడీఎఫ్ పని తెచ్చిందని రాశాను. నిజానికి అది మనిషిని మా గుమ్మం దాకా తెచ్చింది. పని నిలిచింది నాన్న ఆ ముక్కను చూసి కారణం చెప్పగలిగినందువల్ల. ఫైలు చేతులు మారడం గొప్ప మేలని ఇప్పటికీ అంటాను, కానీ అది ఎక్కడెక్కడికి వెళ్లిందో ఏ లెక్కలోనూ కనబడదు. చివరి పేజీ తీసేసి మా ఫొటోలనే తమవిగా పంచినవారూ ఉన్నారు, అందుకే ఇప్పుడు ప్రతి ఫొటో మూలన పేరు వేస్తున్నాను. పోస్టు పెట్టాక మీద రాసిన మాటలు దిద్దుకోవచ్చు, ఫైలును మాత్రం మార్చలేం. ఆ మధ్య నా నంబరు మారింది. పాత నంబరుతో తిరుగుతున్న ఫైళ్ల కోసం ఆ సిమ్ముకు ఇంకా రీచార్జి చేయిస్తూనే ఉన్నాను.

ఖర్చు కూడా తక్కువేమీ కాదు. ఒక్క ఫైలు కోసం స్టీలు, గ్యాసు, వెల్డరు సమయం అన్నీ పోతాయి. ఆర్డర్లు ఎక్కువగా ఉన్న నెలల్లో మేము ఒక్కటీ చేయం.

మా సరుకు కోసి చూపించదగినది. కొనేవారి కర్మాగారాలు చాలావరకు ఇక్కడికి గంటా గంటన్నర దూరంలోనే ఉన్నాయి. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పగల మనిషి మా ఇంట్లోనే ఉన్నారు. ఈ మూడూ ఉన్న చిన్న సంస్థలు నెలకు ఇన్ని పోస్టులని ఎవరితోనైనా ఒప్పందం చేసుకునే ముందు, తమకు బాగా తెలిసిన ఒక్క లోపం మీద పది పేజీల పీడీఎఫ్ పెట్టి చూడాలని గట్టిగా చెబుతాను. పచ్చళ్లో చీరలో అమ్మే మా పిన్ని లాంటివారికి మాత్రం ఈ సలహా ఇవ్వను. వారి కొనుగోలుదారులు లింక్డ్‌ఇన్‌లో వంటకాలూ రంగులూ వెతకరు.