తిండిపోతు, కోపిష్టి, నీళ్లపిచ్చి, పెద్దాయన

ఇప్పటికి నాలుగు చోట్ల గుర్రమెక్కి గైడు వెంట కొండదారుల్లో తిరిగొచ్చాను. ఏ దారి ఎలా ఉందో సగం మర్చిపోయాను కానీ ఎక్కడ ఏ గుర్రం ఎక్కానో అన్నీ గుర్తున్నాయి. అందుకే గది, దారి, ఫొటోలకి మంచి చోట్లు ఇవన్నీ తర్వాత చూడండి, ముందు మీకిచ్చే గుర్రం సంగతి అడగండి అంటాను.

మొదటిచోట నాకిచ్చింది శుద్ధ తిండిపోతు. పక్కన పచ్చగా ఏం కనిపించినా మెడ కిందికి, పగ్గాలతో పాటు నేనూ ముందుకి. గైడు వెనక్కి తిరిగి "లాగండి సార్, లాగండి" అంటాడే తప్ప ఎలా లాగాలో చెప్పడు. తల దించేశాక లాగితే దాని మెడ బలం ముందు మనమెంత? దించబోతుండగానే పగ్గం బిగించి, మడమలతో డొక్కలో తట్టి ముందుకి నడిపించాలట. ఈ ముక్క తర్వాత ఇంకోచోట తెలిసింది, అప్పటికి నా భుజాలు పోయాయి.

రెండోచోట గదులు బ్రహ్మాండం, మిగతాదంతా దండగ. మా అక్క ముందు నడిచే ఆడగుర్రానికి తోకలో ఎర్ర రిబ్బను కట్టి ఉంటే "ఎంత ముద్దుగా ఉందో" అని మురిసిపోయింది. అది అలంకారం కాదు, ఈ గుర్రం తంతుంది, దూరంగా ఉండండి అని చెప్పే గుర్తు. ఎక్కేముందు ఎవరూ చెప్పలేదు. గుర్రం దాదాపు చుట్టూ చూడగలదు కానీ సరిగ్గా తోక వెనక, నుదుటి ముందు ఉన్నది దానికి కనపడదు. వెనకున్న అక్క గుర్రం మరీ దగ్గరికొచ్చేసరికి ఆ ఆడగుర్రం చెవులు రెండూ వెనక్కి మెడకి అతుక్కుపోయాయి, మరుక్షణం కాలు లేచింది. డెక్క అక్క పాదం పెట్టుకున్న రికాబుకి తగిలి టంగుమంది. పాదానికి తగిలుంటే? నన్నడిగితే ఇందులో గుర్రం తప్పేం లేదు, రెండిటి మధ్య కనీసం ఒక గుర్రం పొడవు ఖాళీ ఉంచమని చెప్పని వాళ్లదే.

మూడోది నీళ్లపిచ్చిది. బస మామూలుగానే ఉంది, గోడ అవతలే గుర్రపుశాల కాబట్టి రాత్రంతా డెక్కల చప్పుడు (నాకు నచ్చింది, అక్క నిద్రపోలేదు). గైడు బయల్దేరేముందే చెప్పాడు, వాగులో ఆగనివ్వద్దని. నేను ఆపాను. ముందుకాలితో నీళ్లని దబదబా కొడుతుంటే ఆడుకుంటోంది కాబోలనుకుని ఫోన్ తీశాను. "అది పడుకోబోతోంది, తోలండి!" అని గైడు అరిచేలోపే మోకాళ్లు వంచేసింది. నడుందాకా తడిసి, ఒక చెయ్యి ఫోనుతో పైకెత్తి, నేను. దీనికి మాత్రం వాళ్లననడానికేం లేదు.

నాలుగోచోటే మళ్లీ వెళ్లాలనిపించేది. గదులు చిన్నవి, సెల్ సిగ్నల్ లేదు. కానీ రాగానే బరువెంత, ఎన్నిసార్లు ఎక్కారు, భయముందా అని అడిగారు. బరువడిగితే నొచ్చుకోకండి. జీనుతో కలిపి గుర్రం బరువులో ఐదో వంతు మించకూడదని చాలామంది పాటించే లెక్క. 400 కిలోల గుర్రానికి అన్నీ కలిపి 80 కిలోలు. నేను కాస్త ఎక్కువే, దాంతో పొట్టి గుర్రాలన్నీ వదిలేసి పెద్దాయన్ని ఇచ్చారు. 20 ఏళ్లు దాటిన గుర్రం, కళ్ల పైన గుంటలు, నిలబడితే వెనక కాలొకటి సడలించి కునుకు.

నెమ్మదస్తుడే కానీ అమాయకుడు కాదు. జీను పట్టీ బిగిస్తుంటే పొట్ట ఉబ్బించేవాడు. వాళ్లకి తెలుసు కాబట్టి పది అడుగులు నడిపించి, ఊపిరి వదిలాక మళ్లీ బిగించారు. లేకపోతే దారి మధ్యలో జీను పక్కకి జారిపోతుంది. పోయేటప్పుడు ప్రతి రాయినీ చూసి చూసి అడుగేసినవాడు, ఇంటిముఖం పట్టగానే పాతికేళ్ల కుర్రాడైపోయాడు! పగ్గం పట్టుకుని ఆపడానికే సరిపోయింది నాకు.

మొన్న ఫోన్ చేసి పెద్దాయన కావాలంటే, ఇప్పుడాయన పిల్లల్ని ఎక్కించుకుని ఆవరణలోనే రెండు రౌండ్లు తిరుగుతున్నాడన్నారు. పొట్ట ఉబ్బించడం మాత్రం మానలేదట.