పాత రోడ్ సైకిలుకు కొత్త చక్రాలు కొంటున్నారా? "700సి, అన్నిటికీ సరిపోతుంది" అన్న మాట నమ్మి డబ్బు కట్టకండి

పాత స్టీల్ ఫ్రేమ్ రోడ్ సైకిలుకు కొత్త అల్లాయ్ చక్రాలు వేద్దామని ఆన్‌లైన్‌లో వెతుకుతున్నవాళ్లు ఆర్డర్ పెట్టేముందు ఒకసారి ఇది చదవండి. "700సి (చక్రం సైజు), అన్ని రోడ్ సైకిళ్లకూ ఫిట్" అని రాసి అమ్ముతున్న జత ఒకటి తెప్పించాను. అడిగింది ఒకటి, వచ్చింది ఇంకొకటి. గొడవపడితే దాన్ని "సరిచేసి" పంపారు. ఆ సరిచేసిన చక్రమే మొదటిదానికంటే ప్రమాదం. ఇది రాయడానికి కారణం కూడా అదే.

ఆర్డర్ పెట్టకముందే కొలతలన్నీ మెసేజ్ చేశాను. పాత చక్రాలు 27 అంగుళాలవి, టైరు మీద 630 అని ఉంది (టైరు కూర్చునే వ్యాసం, మి.మీ.లో). వెనక డ్రాపవుట్ల (ఇరుసు కూర్చునే ఫ్రేమ్ గాళ్ల) మధ్య 126 మి.మీ. 6 గేర్ల ఫ్రీవీల్ (వెనక పళ్లచక్రాల గుత్తి), మర తిప్పి బిగించే రకం. "126 హబ్ (చక్రం నడిమి భాగం) ఉందా? ఈ ఫ్రీవీల్ దానికి ఎక్కుతుందా?" అని విడివిడిగా అడిగాను. రెండింటికీ "ఏం ప్రాబ్లం లేదండీ, ఫిట్ అవుతుంది" అనే జవాబు వచ్చింది. పార్సిల్ విప్పి కొలిస్తే వెనక హబ్ 130. మర అసలే లేదు, 11 గేర్ల క్యాసెట్ (మరతో కాకుండా తోసి ఎక్కించే పళ్లచక్రాల గుత్తి) కోసం చేసిన ఫ్రీహబ్ ఉంది. ముందు చక్రం మాత్రం 100 మి.మీ., ఫోర్కులో చక్కగా కూర్చుంది.

ఫోన్ చేస్తే "ఫ్రేమ్ కొంచెం విడదీసి తోసేయండి, అందరూ అలాగే చేస్తారు" అన్నారు. నా ఫ్రేమ్ స్టీలా, అల్యూమినియమా, కార్బనా అని ఒక్క ముక్క కూడా అడగలేదు. స్టీల్ ఫ్రేమ్ అయితే 126 నుంచి 130కి వెడల్పు చేయించుకోవచ్చు, నిజమే. కానీ రెండు పక్కలా సమానంగా 2 మి.మీ. చొప్పున వంగిందో లేదో హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింద ఉండే ముందు గొట్టం) నుంచి దారం లాగి చూసుకోవాలి. తర్వాత డ్రాపవుట్లను, గేరు మార్చే పరికరం తగిలించే డిరైల్యూర్ హ్యాంగర్‌ను మళ్లీ సూటిగా తేవాలి. ఫ్రేములు కట్టడం తెలిసినవాళ్ల చేతుల్లో జరగాల్సిన పని అది. డ్రాపవుట్లు ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే ఇరుసు మీద పక్క ఒత్తిడి పడుతూ ఉంటుంది, వంగిపోవచ్చు, విరిగిపోవచ్చు కూడా. ఇక అల్యూమినియం, కార్బన్ ఫ్రేములను అసలు విడదీయకూడదు, పగులుతాయి. ఇది తెలియని ఎవరికో ఇదే సలహా ఫోన్లో ఇస్తూ ఉంటారు కదా అనుకుంటే నాకు ఒళ్లు మండింది.

ఒప్పుకోకపోయేసరికి వెనక చక్రం వాపసు తీసుకున్నారు. కొన్నాళ్లకు "126 చేశాం" అని తిరిగి పంపారు. కొలిస్తే నిజంగానే 126. పైకి చూస్తే ఎవరికైనా పని అయిపోయిందనే అనిపిస్తుంది. వాళ్లు చేసింది ఏమిటంటే, హబ్ ఎడమ పక్క ఉన్న 4 మి.మీ. స్పేసర్ (ఖాళీ నింపే రింగు) తీసేసి నట్టు బిగించారు. అంతే.

దాంతో రెండు తేడాలొచ్చాయి. మొదటిది, స్పేసర్ ఒక పక్కనే తీశారు కాబట్టి రిమ్ ఫ్రేమ్ మధ్యలో లేదు, 2 మి.మీ. ఎడమకు జరిగింది. చువ్వలు మళ్లీ బిగించి రిమ్‌ను కుడికి లాగాలి, దాన్నే డిష్ సరిచేయడం అంటారు. ఆ పని ముట్టుకోలేదు. ఇది చిరాకు పెట్టేదే గానీ బాగుచేసుకోవచ్చు. రెండోదే భయం. 130 హబ్‌కు ఉన్న ఇరుసును కోయకుండా అలాగే వదిలేశారు. అందువల్ల ఎడమ పక్క ఇరుసు కొన డ్రాపవుట్ మందం దాటి బయటికి పొడుచుకొచ్చింది. క్విక్ రిలీజ్ (లివర్ మూసి చక్రాన్ని బిగించే కడ్డీ) నొక్కిపట్టాల్సింది డ్రాపవుట్‌ను. ఇరుసు బయటికి ఉంటే అది ఇరుసు కొననే నొక్కుతుంది. లివర్ మూస్తున్నప్పుడు చేతికి గట్టిగానే తగులుతుంది, బిగిసిందనే అనుకుంటాం. చక్రం మాత్రం ఫ్రేమ్‌లో వదులుగానే ఉంటుంది. నేను లివర్ మూసి రిమ్ పట్టుకుని ఊపితే చక్రం కదిలింది. పాత సైకిళ్లకు డ్రాపవుట్లు అడ్డంగా ఉంటాయి, గాడి ముందువైపు తెరిచి ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కితే చైను కుడి పక్కను ముందుకు లాగేస్తుంది, టైరు వెళ్లి ఫ్రేమ్ కింది గొట్టమైన ఎడమ చైన్‌స్టేకి పట్టేస్తుంది. ఆ క్షణంలో వెనక లారీ ఉంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి హబ్ మార్చిన చక్రం ఎవరు పంపినా, క్విక్ రిలీజ్ కడ్డీ పూర్తిగా తీసేసి, ఉత్త చక్రాన్ని ఫ్రేమ్‌లో పెట్టి చూడండి. ఇరుసు కొన రెండు పక్కలా డ్రాపవుట్ బయటి అంచుకు కొద్దిగా లోపలే ఉండాలి. కడ్డీ విషయంలో కూడా ఒక మాట. కొత్త చక్రాలతో వచ్చే, క్యామ్ (లివర్‌తో తిరిగి బిగించే ముక్క) బయటికి కనిపించే తేలిక రకం కంటే, క్యామ్ లోపల ఉండే పాత స్టీల్ కడ్డీ అడ్డ డ్రాపవుట్లలో గట్టిగా పట్టుకుంటుంది. పాతది పారేయకండి.

"700సి" అనేది టైరు కూర్చునే వ్యాసం 622 మి.మీ. అని మాత్రమే చెప్తుంది. హబ్ వెడల్పు, గేర్లు, బ్రేకుల గురించి అందులో ఒక్క ముక్కా లేదు. కాళ్ల పొడవు చూసి చెప్పులు అమ్మినట్టుంటుంది. 630 నుంచి 622కి వస్తే బ్రేకు రబ్బర్లు 4 మి.మీ. కిందికి దిగాలి. నా బ్రేకుల్లో ఆ జాగా ఉంది. చాలా సైకిళ్లకు ఉండదు. చాలకపోతే రబ్బరు పై అంచు టైరు పక్కను రాసి కోసేస్తుంది, ట్యూబు పేలుతుంది. కొనేముందే రబ్బర్లను కిందికంటా దించి స్కేలుతో చూసుకోండి.

రిమ్ పక్క నుంచి తీసిన ఫోటో కూడా అడగండి. ఇప్పుడు వచ్చేవాటిలో చాలావరకు డిస్క్ బ్రేకుల కోసం చేసినవే, వాటి రిమ్‌కు రబ్బరు పట్టే పట్టీ ఉండదు. హుక్‌లెస్ (టైరు అంచును పట్టుకునే కొక్కెం లేని రిమ్) అని రాసి ఉంటే వదిలేయండి. వాటిలో 5 బార్ దాటి గాలి కొట్టకూడదు, దానికి తగ్గ టైర్లే వేయాలి. సన్నటి టైర్లలో 7 బార్ కొట్టే అలవాటున్న మనలాంటివాళ్లకు అది పనికిరాదు.

గేర్ల సంగతి అంత భయపడేది కాదు, ఖర్చే. ఫ్రీవీల్ ఎక్కకపోతే 7 గేర్ల క్యాసెట్ కొనాలి. 11 గేర్ల ఫ్రీహబ్ మీద అది వదులు లేకుండా కూర్చోవాలంటే వెనక 4.5, 1.85 మి.మీ. స్పేసర్లు రెండూ వేయాలి. గేరు లివర్లు క్లిక్ లేని ఫ్రిక్షన్ రకమైతే గేర్లు పడతాయి. అమ్మేవాళ్లు ఈ అదనపు ఖర్చు ఒక్కటీ ముందు చెప్పరు.

ఇప్పుడు వాళ్లు "ఒకసారి మార్చిన సరుకు వాపసు తీసుకోం" అంటున్నారు. మార్చింది వాళ్లే. టైరు ఎక్కిస్తే వాపసు లేదని కూడా బిల్లు వెనక చిన్న అక్షరాల్లో ఉంది, అందుకే నేను టైరు ముట్టుకోకుండా ఉత్త రిమ్‌తోనే కొలతలన్నీ తీశాను. మీరూ అలాగే చేయండి. హబ్ పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీసి ఉంచుకోండి, హామీలు ఫోన్లో కాకుండా మెసేజ్‌లో తీసుకోండి. నా దగ్గర "126 ఫిట్ అవుతుంది" అన్న మెసేజ్ ఉంది, పొడుచుకొచ్చిన ఇరుసు ఫోటో ఉంది. రెండూ కలిపి పేమెంట్ కంపెనీకి ఫిర్యాదు పెట్టాను, ఇంకా తేలలేదు. ఈలోగా పాత వెనక చక్రానికే కొత్త బేరింగులు, కొత్త చువ్వలు వేయించుకుని తిరుగుతున్నాను.