గ్రాండ్‌స్ట్రీమ్ హెచ్‌టీ802 ఏడాది వాడాక: డబ్బా మంచిదే, ఎకో మా గోడలోంచి వచ్చింది

మేం డాలస్ దగ్గర ప్లేనోలో ఉంటాం. అమ్మ తెనాలి నుంచి వచ్చి మాతోనే ఉంటోంది, ఆవిడకి స్మార్ట్‌ఫోన్ అస్సలు పడదు, వేలు ఒకచోట పెడితే ఇంకేదో నొక్కుకుపోతుంది, కళ్ళు కూడా అంతంతమాత్రం. రిసీవర్ ఎత్తి నంబర్లు నొక్కి మాట్లాడే మామూలు ఫోను పెట్టించరా అంది. రోజూ రాత్రి తొమ్మిదింటికి, అంటే అక్కడ పొద్దున, మా పిన్నితో మాట్లాడకపోతే ఆవిడకి రోజు గడవదు. అందుకని మామూలు ఫోన్‌ని ఇంటర్నెట్ మీద నడిపించే ఈ అడాప్టర్ కొన్నా, 50 డాలర్ల లోపే పడింది.

అరచేతిలో పట్టేంత చిన్న డబ్బా. ఒక ఈథర్‌నెట్ పోర్టు, రెండు ఫోన్ పోర్టులు, అంతే. వైఫై లేదు, కాబట్టి రౌటర్ పక్కనే పెట్టాలి. ఫోను తగిలించి రిసీవర్ ఎత్తి స్టార్ మూడుసార్లు నొక్కితే లోపల ఒక గొంతు మెనూ చదువుతుంది, 02 నొక్కితే ఐపీ అడ్రస్ చెప్తుంది, దాన్ని బ్రౌజర్‌లో కొడితే సెట్టింగ్స్ పేజీ వస్తుంది. పాస్‌వర్డ్ డబ్బా అడుగున స్టిక్కర్ మీద ఉంది. ఎఫ్‌ఎక్స్‌ఎస్ పోర్ట్ 1 (అంటే మొదటి ఫోన్ పోర్టు) అనే పేజీలో సిప్ ప్రొవైడర్, అంటే ఇంటర్నెట్ మీద ఫోన్ నంబర్ ఇచ్చే కంపెనీ, ఇచ్చిన సర్వర్, యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ వేసి, కోడెక్‌ల (గొంతుని డేటాగా మార్చే పద్ధతుల) లిస్టులో మొదటిది పీసీఎంయూ పెట్టి, అప్లై కొట్టి రీబూట్ చేశా, పది నిమిషాల్లో డయల్ టోన్ వచ్చేసింది. పీసీఎంయూ అంటే జీ.711, ఒక్కో కాల్‌కి అటూ ఇటూ సెకనుకి 90 కిలోబిట్లకి కాస్త లోపు తింటుంది, ఇప్పటి ఇంటర్నెట్‌కి అదో లెక్క కాదు, కాబట్టి పొదుపు అని జీ.729 పెట్టుకోకండి, గొంతు పలచబడిపోతుంది. రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అని, ఇంటర్నెట్ కాల్స్ డేటాని మధ్యలో మార్చే ఫీచర్ ఒకటుంటుంది, దాన్ని ఆఫ్ చేయండి, చాలా ఇళ్ళల్లో ఒకవైపే వినపడటానికి కారణం అదే.

ఇక అసలు సంగతి. మొదటి రోజే పిన్ని అంది, "అక్కా, నేనన్న మాటే మళ్ళీ నాకు వినిపిస్తోంది, నువ్వు వెక్కిరిస్తున్నావా ఏంటి" అని. అమ్మకేమో శుభ్రంగా వినపడుతోంది. నేను తీసుకుని మాట్లాడినా నాకూ బాగానే ఉంది, దాంతో పిన్ని మొబైల్‌దే తప్పు అనుకుని, తెనాలిలో ఉన్న తమ్ముడిని పంపించి ఆవిడ ఫోన్ మార్పించా. అయినా పోలేదు. ప్రొవైడర్ సపోర్ట్‌కి రాస్తే అడాప్టర్ మార్చి చూడండి అన్నారు, అదీ తప్పే.

ఇక్కడ అందరూ తలకిందులుగా అనుకునే విషయం ఒకటుంది. ఎకో ఎవరికి వినపడుతోందో తప్పు వాళ్ళవైపు ఉండదు, రెండోవైపు ఉంటుంది. పిన్ని గొంతు మా ఇంటిదాకా వచ్చి, మా ఫోన్ తీగలో తగిలి, కొంత వెనక్కి తిరిగి మళ్ళీ తెనాలి వెళ్తోంది. ఇంటర్నెట్‌లో రాకపోక రెండూ వేరువేరు దారులు, మామూలు ఫోన్ తీగకి మాత్రం ఉన్నవి రెండే తీగలు, ఆ రెంటి మీదే మాట వెళ్ళాలి, రావాలి. ఆ మార్పు జరిగే చోట అడాప్టరుకీ తీగకీ పొంతన కుదరకపోతే, అంటే ఇంపీడెన్స్ కలవకపోతే, వచ్చిన గొంతులో కొంత తిరిగి పోయే దారిలోకి జారిపోతుంది. పాత రోజుల్లో లోకల్ కాల్‌లోనూ ఇది ఉండేది, కానీ తిరిగిరావడం చాలా త్వరగా అయిపోయేది కాబట్టి చెవికి తెలిసేది కాదు. ప్లేనో నుంచి తెనాలికి 14 వేల కిలోమీటర్లకి పైనే, ఫైబర్‌లో వెలుగుకే వెయ్యి కిలోమీటర్లకి 5 మిల్లీసెకన్లు పడుతుంది, దాని మీద రౌటర్లు, ముందూ వెనకా వచ్చే మాటల్ని సర్దడానికి కాసేపు ఆపే జిట్టర్ బఫర్, మొబైల్ నెట్‌వర్క్, అన్నీ కలిసి పోయి వచ్చేసరికి మాట పూర్తిగా విడిపోయి వినపడుతుంది.

డబ్బాలో ఎకోని తీసేసే ఎకో క్యాన్సిలర్ ఉంది, జీ.168 ప్రమాణం ప్రకారం చేసిందే. సెట్టింగ్స్‌లో దాని పేరు డిసేబుల్ లైన్ ఎకో క్యాన్సిలర్ అని ఉంటుంది, అక్కడ నో ఉంటేనే అది పనిచేస్తున్నట్టు, యెస్ పెడితే ఆపేసినట్టు, జాగ్రత్తగా చదవండి. నాది నో లోనే ఉంది. అంటే క్యాన్సిలర్ పనిచేస్తున్నా దాని చేతకానంత ఎకో ఎక్కడినుంచో వస్తోందన్నమాట.

అప్పుడు వెతకడం మొదలుపెట్టా. ముందు గోడ సాకెట్‌లోంచి తీగ పీకేసి, ఒక మామూలు తీగ ఫోన్‌ని నేరుగా డబ్బాకి తగిలించి పిన్నికి కొట్టా. ముప్పావు వంతు తగ్గిపోయింది! మళ్ళీ గోడకి పెడితే మళ్ళీ వచ్చింది. అప్పటిదాకా నేను డబ్బా నుంచి గోడ సాకెట్‌కి ఇచ్చి ఇల్లంతా ఉన్న పాత ఫోన్ వైరింగ్ వాడుతున్నా, అమ్మ గదిలో ఒకటి, వంటింట్లో ఒకటి మోగాలని. ఒక్కో సాకెట్ చూసుకుంటూ పోతే వంటింటి సాకెట్‌కి ఫోన్ తీగ మీద ఇంటర్నెట్ వచ్చే రోజుల నాటి డీఎస్‌ఎల్ ఫిల్టర్ ఒకటి, గెస్ట్ రూమ్‌లో మంచం వెనక ఇంకొకటి, మాకంటే ముందున్నవాళ్ళు వదిలేసినవి. ఇప్పుడు ఇంట్లో డీఎస్‌ఎల్లే లేదు, వాటితో పనే లేదు, కానీ అవి లైన్ మీద కూర్చుని ఇంపీడెన్స్‌ని పాడుచేస్తున్నాయి. రెండూ పీకేశా. గరాజ్‌లో ఎవరూ వాడని కార్డ్‌లెస్ బేస్ కూడా తీసేశా.

ఇంటి వైరింగ్‌కి ఇచ్చేవాళ్ళకి ఒక మాట, ముందు ఇంటి బయట గోడకి ఉండే ఫోన్ కంపెనీ బూడిద రంగు డబ్బా దగ్గర బయటి లైన్‌ని విడగొట్టండి. ఆ లైన్ బతికుంటే 48 వోల్టులు ఉంటుంది, రింగ్ వస్తే 90 దాకా వెళ్తుంది, అడాప్టర్ పోర్టు కాలిపోవచ్చు.

ఇంకా పావు వంతు ఎకో మిగిలింది, అది నేను చేసిందే. అమ్మకి వినికిడి తక్కువ కదా అని మొదటి రోజే ఆర్‌ఎక్స్ గెయిన్ని, అంటే అవతలివాళ్ళ గొంతు ఫోన్‌లోకి వచ్చే గట్టిదనాన్ని, 6 డెసిబెల్స్ పెంచి పెట్టా. అలా పెంచితే అమ్మకి పిన్ని గొంతు గట్టిగా వినపడుతుంది నిజమే, కానీ తీగలో తిరిగి వెళ్ళే గొంతు కూడా అంతే గట్టిపడుతుంది, పైగా రిసీవర్ స్పీకర్లోంచి మైక్‌లోకి కూడా దూరుతుంది. 0 కి తెచ్చేశా. దాని బదులు అమ్మకి పెద్ద బటన్లు, రిసీవర్‌లోనే వాల్యూమ్ పెంచుకునే తీగ ఫోన్ ఒకటి కొన్నా, దాన్ని కూడా మూడు వంతుల దగ్గరే ఆపాం. ఆ రాత్రి పిన్ని "ఇవాళ పక్కింట్లోంచి మాట్లాడినట్టుందే" అంది, అమ్మ గంటసేపు వదల్లేదు.

ఎస్‌ఎల్‌ఐసీ సెట్టింగ్ అని, ఫోన్‌కి తగ్గట్టు ఇంపీడెన్స్ ఎంచుకోడానికి దేశాల పేర్లతో లిస్టు ఒకటుంది, అమెరికా ఫోనే కాబట్టి 600 ఓమ్స్ దగ్గరే ఉంచా, వేరే దేశం ఫోన్ తెచ్చి తగిలించినవాళ్ళకి అది పనికొస్తుంది. ఇంకో సంగతి, మాట తునకలు తునకలుగా తెగితే అది ఎకో కాదు, మా అబ్బాయి గేమ్ డౌన్‌లోడ్ పెట్టినప్పుడల్లా అలా అయ్యేది, రౌటర్‌లో క్యూఓఎస్ పెట్టి ఈ డబ్బాకి ముందు దారి ఇచ్చాక సర్దుకుంది. దానికోసం గెయిన్‌లు, క్యాన్సిలర్‌లు ముట్టుకోవద్దు.

ఏడాదిలో ఒక్కసారి కూడా డబ్బా దానంతటది ఆగలేదు. రెండో పోర్టుకి నా ఆఫీస్ నంబర్ పెట్టుకున్నా, రెండు నంబర్లు ఒకేసారి నడుస్తాయి. పాత ల్యాండ్‌లైన్‌ని కూడా దీనికే కలపాలి అనుకునేవాళ్ళు ఇది తీసుకోకండి, ఇందులో బయటి లైన్ తగిలించే ఎఫ్‌ఎక్స్‌ఓ పోర్టు లేదు.

పెద్దవాళ్ళ కోసం కొంటుంటే మాత్రం రెండు పనులు మొదటి రోజే చేయండి. ప్రొవైడర్ వెబ్‌సైట్‌లో ఈ911 దగ్గర ఇంటి అడ్రస్ రిజిస్టర్ చేయండి, లేకపోతే అమ్మ 911 కొట్టినా అంబులెన్స్‌కి ఇల్లెక్కడో తెలియదు, ఇల్లు మారినప్పుడు అదీ మార్చాలి. రెండోది, కరెంటు పోతే ఈ ఫోన్ మూగబోతుంది, పాత ల్యాండ్‌లైన్‌లా తీగలో కరెంటు రాదు. మోడెమ్, రౌటర్, ఈ డబ్బా మూడూ కలిపి ఒక చిన్న యూపీఎస్ మీద పెట్టా, మొన్న గాలివానకి కరెంటు పోయినప్పుడు అమ్మ చీకట్లోనే పిన్నితో మాట్లాడుతూ కూర్చుంది.